కెప్టెన్‌గారి పెట్టె



2015 జూన్‌లో బెల్జియంలో, బ్రస్సెల్స్ నగరానికి దక్షిణాన ఉన్న పొలాల్లోకి సుమారు ఐదు వేల మంది రెండు వందల ఏళ్ల నాటి సైనికుల వేషాలు కట్టుకుని దిగారు. వాళ్లతో పాటు గుర్రాలు వందల సంఖ్యలో వచ్చాయి, ఫిరంగులు వచ్చాయి. 1815 జూన్ 18న నెపోలియన్ ఓడిపోయిన వాటర్లూ యుద్ధానికి అప్పటికి రెండు వందల ఏళ్లు నిండాయి. ఆ యుద్ధాన్ని వాళ్లు మళ్లీ ఆడి చూపించారు. చూడటానికి జనం వేలకు వేలుగా వచ్చారు. పత్రికల్లో, టీవీల్లో వచ్చిన బొమ్మల నిండా పొగ, గుర్రాలు, ఎర్ర కోట్లు, నీలం కోట్లు. ఆ బొమ్మల్లోకి రానివాళ్లు కొందరు పొలాల వెనక, గుడారాల మధ్య ఉంటారు. నిప్పు రాజేసేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, అధికారి పెట్టె తాళంచెవి మొలకు కట్టుకుని తిరిగేవాళ్లు. ఈ పూట ఆ తాళంచెవి మనుషుల గురించి మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

పాత యుద్ధాలను ఇలా ఆడి చూపడం యూరప్‌లోనూ అమెరికాలోనూ బాగా వేళ్లూనుకున్న అభిరుచి. అమెరికా అంతర్యుద్ధానికి నూరేళ్లు నిండిన 1961లో, మనాసస్ దగ్గర జరిగిన మొదటి పెద్ద పోరును వేలాది ప్రేక్షకుల ముందు ప్రదర్శించారు. ఇంగ్లండ్‌లో 1968లో బ్రిగేడియర్ పీటర్ యంగ్ 'సీల్డ్ నాట్' అనే సంఘం పెట్టాడు. 17వ శతాబ్దంలో రాజుకీ పార్లమెంటుకీ జరిగిన యుద్ధాన్ని ఆ సంఘం ఇప్పటికీ ప్రదర్శిస్తోంది. వీటిలో పాల్గొనేవాళ్లు బడిపంతుళ్లు, నర్సులు, ప్లంబర్లు, పెన్షనుదార్లు. కోటు గుండీలు ఏ లోహంతో చేశారు, కుట్టు చేతిదా మిషనుదా అని పొద్దుపోయేదాకా వాదించుకుంటారు. ఆ పట్టుదల చూసి నవ్వుకునేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం దాని మీద గౌరవమే. పుస్తకంలో చదివిన బరువును తన భుజం మీద పెట్టుకుని చూడాలనుకునే మనిషి, చరిత్రను ప్రేమించేవాడు.

ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను అలాంటి ఒక బృందంతో తిరిగాను. నెపోలియన్ సేనలతో స్పెయిన్‌లో, పోర్చుగల్‌లో పోరాడిన బ్రిటిష్ కాల్బలం వేషం వాళ్లది. ఆ దేశంలో తుపాకీ పట్టాలంటే పోలీసుల నుంచి ఒక లైసెన్సు, నల్ల తుపాకీమందు కొని దాచుకోవాలంటే ఇంకో అనుమతి కావాలి. కాగితాలు చేతికొచ్చేదాకా కొత్తవాళ్లు ఆయుధంతో పనిలేని వేషం ఏదో ఒకటి కడతారు. నన్ను కెప్టెన్ వేషం వేసే ఒక పెద్దాయన దగ్గర సేవకుడిగా పెట్టారు. ఆ తర్వాత తుపాకీ పట్టే అవకాశం వచ్చింది కానీ, నేను పెట్టె దగ్గరే ఉండిపోయాను.

ఆ పెట్టెలో ఏముండేదో చెప్తాను. నిజానికి అది ఒక్క పెట్టె కాదు, ఒక చిన్న కాపురం. మొదటిది భోజనాల పెట్టె. చెక్కతో చేసి లోపల అరలు పెట్టింది. రెండు పళ్లేలు, రెండు గాజు గ్లాసులు, కత్తీ చెంచా, టీ ఆకు డబ్బా, చక్కెర, ఉప్పు, చిన్న ద్రాక్షసారా సీసా. ఒక్కోదానికి ఒక్కో అర. అర తప్పితే మూత పడదు. రెండోది తోలు పెట్టె. చొక్కాలు, మేజోళ్లు, గడ్డం గీసుకునే కత్తి, దాన్ని నూరే తోలుపట్టీ, అద్దం. మూడోది రాతపెట్టె. ఈకకలాలు, సిరాబుడ్డి, కాగితాలు, లక్క. ఇవి కాక మడతమంచం, కంబళి, వానకు కప్పుకునే ఉన్ని అంగీ, ఇత్తడి దుర్భిణి. ఒంటి మీద వేసుకునేవి వేరే. నడుముకు చుట్టే ముదురెరుపు పట్టు నడికట్టు, కత్తి, మెడ కింద వేలాడే అర్ధచంద్రాకారపు బిళ్ల. ఆ బిళ్ల పాతకాలపు ఇనుప కవచంలో చివరికి మిగిలిన ముక్క. తాను డ్యూటీలో ఉన్నానని తెలియడానికి అధికారి దాన్ని పెట్టుకునేవాడు. 1830లో బ్రిటిష్ సైన్యం దాన్ని తీసేసింది.

ఆ రోజుల్లో ఇదంతా కంచరగాడిద మీద వెళ్లేది. సామాను మోయించుకోవడానికి, పశువుల మేతకి అధికారులకు ప్రత్యేకంగా భత్యం ఇచ్చేవారు. ఇప్పటి ప్రదర్శనల్లో కంచరగాడిదలు దొరకడం అరుదు. వాహనాలు మైదానం అంచున ఆగిపోతాయి. అక్కడి నుంచి గుడారం దాకా మోసేది మనిషే. భోజనాల పెట్టెను పక్కకు ఒరగనివ్వకూడదు, గాజు ఉంది. రాతపెట్టెను తలకిందులు చేయకూడదు, సిరా ఉంది. దుర్భిణిని మెడలో వేసుకుంటే నడిచేటప్పుడు పొట్టకు కొట్టుకుంటుంది. ఏ బరువు ముందు ఎత్తాలి, ఏది చివర దించాలి అన్నది చూపులకు చిన్న విషయం. చీకట్లో, వానలో, కెప్టెన్‌గారు ఉన్నట్టుండి దుర్భిణి అడిగినప్పుడు తెలుస్తుంది దాని విలువ.

మామూలు సిపాయి తన ఒంటి మీద మోసుకునే బరువు ఇంతకంటే ఎక్కువే. తుపాకీ నాలుగున్నర కిలోలు. అరవై తూటాలు, వీపు మీద సంచి, కంబళి, రొట్టె, నీళ్లబుర్ర అన్నీ కలిపితే పాతిక కిలోలు దాటుతుంది. 1813 దాకా స్పెయిన్‌లో సిపాయిలకు గుడారాలు ఇచ్చే ఏర్పాటే లేదు. ఆకాశం కింద పడుకునేవారు, లేదా చెట్టుకొమ్మలతో గుడిసె కట్టుకునేవారు. ఆ ఏడాది అక్కడి బ్రిటిష్ సేనాధిపతి వెల్లింగ్టన్ బరువైన ఇనుప వంటకాగులు తీయించి తేలికపాటి రేకు పాత్రలు ఇప్పించాడు. వాటిని సిపాయిలే మోసుకున్నారు. కాగులు మోసిన కంచరగాడిదలు అప్పటి నుంచి గుడారాలు మోశాయి. ఒక్క వంటపాత్ర మార్పుతో వేలాది మందికి తల మీద గుడ్డ వచ్చింది. యుద్ధచరిత్రలో నాకు బాగా నచ్చే సంగతుల్లో ఇదొకటి.

ఆ కాలపు అధికారి సేవకుడు సాధారణంగా అదే దళంలోని సిపాయి. అధికారి అతనికి కొంత డబ్బు ఇచ్చేవాడు. కాపలా లాంటి కొన్ని పనుల నుంచి అతనికి మినహాయింపు దొరికేది. స్పెయిన్, పోర్చుగల్ ఊళ్ల నుంచి వెంటబడి వచ్చిన కుర్రవాళ్లను పెట్టుకున్న అధికారులూ ఉన్నారు. పొద్దు పొడవక ముందే లేచి నిప్పు రాజేయాలి. గడ్డానికి వేడినీళ్లు పెట్టాలి. బూట్లు తోమాలి. కోటు మీది బురదను తడిగా ఉన్నప్పుడు తుడిస్తే గుడ్డలోకి ఇంకుతుంది కనుక, ఎండేదాకా ఆగి దులపాలి. ఇత్తడిని ఇటుకపొడితో, తెల్ల తోలుపట్టీలను సుద్దతో మెరిపించాలి. రాత్రి చెంచాలు లెక్కపెట్టి పెట్టెకు తాళం వెయ్యాలి. ఈ పనులన్నీ నేను చేశాను. చేసిన కొద్దీ ఒక సంగతి తేటపడింది. ఆ అధికారి తెల్లవారి జనం ముందుకు వచ్చి నిలబడినప్పుడు కనబడే దర్పంలో సగం, చీకటితో లేచిన ఇంకొకరి చేతిపని.

ఉత్తుత్తి పోరు మొదలయ్యాక సేవకుడు వరసల వెనక నిలబడతాడు. ప్రేక్షకులకు సైన్యం ముఖం కనబడుతుంది, సేవకుడికి వీపులు కనబడతాయి. చెమటకు రంగు మారిన కోట్లు, జారిపోతున్న పట్టీలు, మడమ బొబ్బలకు కుంటుతున్న కాళ్లు. జూన్ ఎండలో మందపాటి ఉన్నికోటు వేసుకుని గంటసేపు నిలబడిన మనిషి తూలడం మొదలుపెడితే ముందుగా పసిగట్టేది వెనకున్నవాడే. అందుకే మా బృందంలో నీళ్లు మాలాంటివాళ్ల దగ్గర ఉండేవి. నా భుజాన ఉన్న గుడ్డసంచిలో రెండు కాలాలు కలిసి ఉండేవి. పైన కెప్టెన్‌గారి చేతి తొడుగులు, మడత కాగితాలు. వాటి కింద, బయటికి కనబడకుండా, ఆ పెద్దాయన కళ్లజోడు, రక్తపోటు మాత్రలు, కారు తాళాలు. మొదటిసారి ఆ మాత్రల డబ్బా నా చేతిలో పెట్టినప్పుడు ఆయన వేషం పక్కన పెట్టి, నా కళ్లలోకి చూసి, మధ్యాహ్నం రెండింటికి గుర్తు చెయ్యమన్నారు. నమ్మకం అన్నది ఏ శతాబ్దంలోనైనా అలాగే చేతులు మారుతుంది కాబోలు.

ఇక చరిత్రలోకి వెళ్దాం. యుద్ధాల్లో సామాను కథ మొదలుపెడితే 1813 జూన్ 21 గురించి చెప్పకుండా ఉండలేం. స్పెయిన్‌లో వితోరియా అనే ఊరి దగ్గర వెల్లింగ్టన్ చేతిలో ఓడి పారిపోయింది నెపోలియన్ అన్న జోసెఫ్, ఆనాటి స్పెయిన్ రాజు. ఆయన పరివారం బండ్లు ఊరి బయట ఇరుక్కుపోయాయి. గెలిచిన సైన్యం శత్రువును తరమడం మానేసి ఆ బండ్ల మీద పడింది. నాణేలు, నగలు, పట్టుబట్టలు, వెండి సామాను. వెల్లింగ్టన్‌కు పట్టరాని కోపం వచ్చింది. రాజుగారి వెండి మూత్రపాత్ర 14వ లైట్ డ్రగూన్ల అశ్వదళానికి దొరికింది. ఆ దళానికి వారసులైనవాళ్లు ఇప్పటికీ దాన్ని భద్రంగా ఉంచుకుని, విందుల్లో అందులో షాంపేను పోసుకుని తాగుతారు. ఫ్రెంచ్ మార్షల్ జూర్దాన్ అధికార దండం కూడా ఆ సామానులోనే దొరికింది. దాన్ని లండన్‌కు పంపిస్తే యువరాజు వెల్లింగ్టన్‌ను ఫీల్డ్ మార్షల్‌ను చేశాడు. ఒక బండిలో చట్రాల నుంచి కోసి చుట్టలు చుట్టిన చిత్రపటాలు రెండు వందలకు పైగా ఉన్నాయి. అవి స్పెయిన్ రాజవంశపు ఆస్తి. జోసెఫ్ తర్వాత వచ్చిన స్పెయిన్ రాజు వాటిని వెల్లింగ్టన్‌నే ఉంచుకోమన్నాడు. లండన్‌లో ఆయన ఇల్లు ఆప్స్‌లీ హౌస్‌కు వెళితే వాటిలో చాలావాటిని ఇప్పుడూ చూడొచ్చు. వాటిలో వెలాస్కెజ్ గీసిన ఒక పటం ఉంది. చిరిగిన అంగీలో ఒక ముసలివాడు, పక్కన పెద్ద మట్టికుండ, ఒక కుర్రాడికి గాజు గ్లాసు అందిస్తుంటాడు. సెవిల్ వీధుల్లో నీళ్లమ్మే మనిషి. ఒక రాజు పారిపోతూ మోయించుకున్న సామానులో బరువు మోసి బతికే పేదవాడి బొమ్మ ఉండటం నన్ను చాలాసేపు అక్కడే నిలబెట్టేసింది.

వాటర్లూకు మూడు రోజుల ముందు, జూన్ 15 రాత్రి, బ్రస్సెల్స్‌లో రిచ్‌మండ్ డచెస్ ఇంట్లో నాట్యవిందు జరిగింది. వెల్లింగ్టన్ అధికారులు చాలామంది అక్కడే ఉన్నారు. నెపోలియన్ సరిహద్దు దాటి వచ్చేస్తున్నాడన్న కబురు ఆ విందు మధ్యలో చేరింది. బట్టలు మార్చుకునే వ్యవధి లేక కొందరు పట్టు మేజోళ్లతో, నాట్యపు చెప్పులతో బయల్దేరి, మర్నాడు కాత్ర్ బ్రా దగ్గర అలాగే పోరాడారు. ఈ కథను అందరూ అధికారుల సాహసంగా చెప్తారు. నాకు మాత్రం ఆ రాత్రి ఇంకో దృశ్యం కళ్లకు కడుతుంది. ఊరంతా ఇళ్లలో కొవ్వొత్తులు వెలిగించి, పెట్టెలు కట్టి, జీన్లు బిగించి, యజమాని ఏ వీధిలో ఉన్నాడో తెలియక పరుగులు పెట్టిన సేవకులు. వాళ్లలో ఒక్కడి పేరూ ఆ కథలో రాదు.

జూన్ 17 రాత్రి కుండపోత వాన. సామాను వెనకెక్కడో ఉండిపోయింది. సిపాయిలూ అధికారులూ ఒకే బురదలో పడుకున్నారు. కవాలియే మెర్సర్ అనే ఫిరంగిదళ అధికారి తన తోటి అధికారితో కలిసి ఒక్క గొడుగు కింద, చుట్టలు వెలిగించుకుని కూర్చున్నాడు. ఈ సంగతి తన డైరీలో ఆయనే రాసుకున్నాడు. పెట్టె దూరమైతే కెప్టెన్ కూడా సిపాయే.

వాటర్లూ కథలో పేరు మిగిలిన సేవకుడు ఒకడున్నాడు. వెస్ట్. ఆయన హ్యారీ స్మిత్ అనే అధికారి నౌకరు. స్పెయిన్‌లో 1812లో బడహోస్ కోట పడిపోయి ఊరు దోపిడీ అయినప్పుడు, పద్నాలుగేళ్ల హువానా అనే అమ్మాయి తన అక్కతో కలిసి బ్రిటిష్ శిబిరానికి శరణు వచ్చింది. హ్యారీ ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆనాటి నుంచి ఆమె సైన్యంతో పాటు గుర్రం మీద తిరిగింది. వాటర్లూ నాడు భర్త యుద్ధంలో ఉంటే, ఆమెనూ సామానునూ పెంపుడు కుక్కనూ ఆంట్వెర్ప్ దాకా చేర్చే బాధ్యత వెస్ట్ మీద పడింది. దారి పొడవునా ఓడిపోయామంటూ పారిపోయే జనం, బోల్తాపడిన బండ్లు. హ్యారీ తర్వాత పెద్ద జనరల్ అయ్యాడు. దక్షిణాఫ్రికాలో లేడీస్మిత్ అనే ఊరికి హువానా పేరే పెట్టారు. వెస్ట్ పేరు హ్యారీ రాసుకున్న ఆత్మకథలో ఉంది. యజమాని కృతజ్ఞత ఉన్నవాడు కనుక ఆ మాత్రం మిగిలింది.

వాటర్లూ సాయంత్రం నెపోలియన్ సొంత బండి జెనాప్ ఊళ్లో శత్రువులైన ప్రష్యన్లకు చిక్కింది. పరుపు పరుచుకునే వీలు, రాసుకునే బల్ల, భోజన పాత్రలు అన్నీ అందులోనే. దాన్ని లండన్‌లో ప్రదర్శనకు పెడితే జనం విరగబడి చూశారు. చివరికి అది మేడమ్ టుస్సాడ్స్ మ్యూజియం చేరి, 1925లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ బండిలో ఏమేం ఉండేవో జాబితాలు మిగిలాయి. వాటిని రోజూ సర్ది, తోమి, మడిచి పెట్టిన చేతుల జాబితా ఎవరూ వేయలేదు.

ఇక్కడ మన కారంపూడి గుర్తుకు రాకుండా ఉంటుందా? ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజుల పాటు పల్నాటి వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. 12వ శతాబ్దపు యుద్ధంలోని ఘట్టాలను రోజుకొకటిగా తలుచుకుంటారు. వీరాచారవంతులు తమ ఇళ్లలో కాపాడుకుంటూ వస్తున్న వీరుల ఆయుధాలను ఊరూరి నుంచి మోసుకొచ్చి, నాగులేటి నీళ్లతో శుద్ధి చేసి, ఊరేగిస్తారు. అక్కడ మోయడమే ప్రధానమైన క్రతువు. వీరుడు లేడు, అతని కత్తి ఉంది. ఆ కత్తి ఎవరి భుజాన ఉంటే వాళ్లకు జనం దణ్ణం పెడతారు. వాటర్లూలో సామాను మోసేవాడు వెనక వరసలో కనబడకుండా ఉంటే, పల్నాడులో ఆయుధం మోసేవాడు అందరికంటే ముందు నడుస్తాడు. మందపోరు నాడు కులాల తేడా లేకుండా కలిసి భోజనం చేసే చాపకూడు జరుగుతుంది. ఇంగ్లండ్ మైదానంలో రెండే పళ్లేలున్న కెప్టెన్‌గారి భోజనాల పెట్టె తెరిచినప్పుడల్లా నాకు చాపకూడు జ్ఞాపకం వచ్చేది.

నా వేషం చూసి కొందరు ప్రేక్షకులు అడిగేవారు, ఆ కాలంలో బ్రిటిష్ అధికారి దగ్గర భారతీయుడు ఉండేవాడా అని. ఉండేవాడు. ఇండియా నుంచి తిరిగి వెళ్లే తెల్లదొరలతో ఆయాలు, నౌకర్లు 18వ శతాబ్దంలోనే ఇంగ్లండ్ చేరారు. దీన్ మొహమ్మద్ సంగతే చూడండి. పాట్నాలో పుట్టి, చిన్నతనంలోనే బెంగాల్ సైన్యంలో గాడ్‌ఫ్రీ బేకర్ అనే అధికారి వెంట చేరాడు. 1784లో ఆయనతో పాటే ఐర్లండ్‌లోని కార్క్ నగరానికి వెళ్లాడు. 1794లో తన ప్రయాణాల గురించి ఇంగ్లిషులో పుస్తకం ప్రచురించాడు. 1810లో లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచాడు. అధికారి వెంట శిబిరాల్లో తిరిగిన ఒక కుర్రవాడు సొంత పేరుతో చరిత్రలో నిలబడిన అరుదైన సందర్భం అది. అడిగిన ప్రతివాళ్లకూ నేను దీన్ మొహమ్మద్ గురించి చెప్పేవాణ్ని.

మన తీరానికి వస్తే సంగతి ఇంకా పెద్దది. హైదర్ అలీతో ఇంగ్లిషువాళ్లు యుద్ధం చేస్తున్నప్పుడు కోరమాండల్ తీరంలో పనిచేసిన ఇన్స్ మన్రో అనే స్కాట్లండ్ అధికారి 1789లో ఒక పుస్తకం ప్రచురించాడు. కెప్టెన్ స్థాయి మనిషి దండయాత్రకు బయల్దేరాలంటే ఎవరెవరు కావాలో అందులో రాశాడు. ఒక దుబాసీ, ఒక వంటవాడు, పనికుర్రాడు, గుర్రాన్ని చూసుకునేవాడు, గడ్డి కోసేవాడు. ఎద్దులు దొరకకపోతే సామాను మోయడానికి పదిహేను ఇరవై మంది కూలీలు. అప్పుడప్పుడు మంగలి, చాకలి. ఒక్క కెప్టెన్‌కే ఇంతమంది! స్పెయిన్‌లో ఒక సిపాయితో, ఒక కంచరగాడిదతో గడిచిన పని ఇక్కడ పాతికమంది మీద పడేది. కావడి బద్దకు అటొక పెట్టె, ఇటొక పెట్టె కట్టుకుని, ఎండలో చెప్పులు లేని కాళ్లతో నడిచిన మనుషులు మన తాతలు, ముత్తాతలు. తెలుగువాళ్లూ తమిళులూ కన్నడిగులూ కలగలిసిన జనం అది. సైన్యం ఓడినా గెలిచినా పతకాల జాబితాలో వాళ్లు లేరు.

అధికారుల పెట్టెలు అలా మనుషుల భుజాల మీద వెళ్తే, సైన్యం తిండిగింజలు లంబాడీల ఎద్దుల మీద వెళ్లేవి. 1791లో ఇంగ్లిషు సేనాధిపతి కార్న్‌వాలిస్ టిప్పు రాజధాని శ్రీరంగపట్నం దాకా వెళ్లి, బండ్లు లాగే పశువులు వందలూ వేలుగా చచ్చిపోవడంతో, తన పెద్ద ఫిరంగులను తానే పగలగొట్టించి వెనక్కి తిరగాల్సి వచ్చింది. తర్వాతి ఏడాది మళ్లీ వెళ్లి టిప్పు సుల్తాన్‌ను సంధికి ఒప్పించగలిగాడంటే, వేలాది ఎద్దుల మీద ధాన్యం తెచ్చిన లంబాడీల పాత్ర అందులో చిన్నది కాదు. తండాకు తండా కదిలి వచ్చేది, ఆడవాళ్లతో, పిల్లలతో సహా. ఈ సంగతి మన బడిపుస్తకాల్లో ఒక పేరాకైనా నోచుకోవాలని నా కోరిక.

ఒక్క చోట మాత్రం ఈ సేవకుడి వేషం చాలా బరువెక్కుతుంది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది అధికారుల సామాను మోసినవాళ్లలో ఎక్కువమంది బానిసలు. జీతం లేదు, ఇష్టాయిష్టాలు లేవు, వద్దని వెళ్లిపోయే హక్కు లేదు. మిసిసిపీకి చెందిన ఆండ్రూ చాండ్లర్ అనే యువ సైనికుడు, అతని కుటుంబానికి బానిస అయిన సైలస్ పక్కపక్కన కూర్చుని తీయించుకున్న ఫొటో ఒకటి ఉంది. ఇద్దరి ఒంటి మీదా సైనిక దుస్తులే, ఇద్దరి చేతుల్లోనూ ఆయుధాలే. ఆ ఒక్క ఫొటో చూపించి, నల్లజాతివాళ్లు కూడా దక్షిణాది కోసం ఇష్టంగా పోరాడారని ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. సైలస్ సైనికుడు కాడు. యజమాని వెంట తెచ్చుకున్న మనిషి. చికమాగా యుద్ధంలో ఆండ్రూ గాయపడితే అతన్ని కనిపెట్టుకుని ఇంటికి చేర్చింది సైలసే. ఆ సేవ నిజం, ఆ బానిసత్వమూ నిజం. రెండోదాన్ని దాచి మొదటిదాన్ని మాత్రమే చూపితే అది అబద్ధం.

గెటిస్‌బర్గ్ లాంటి చోట్ల ఆ అంతర్యుద్ధపు పెద్ద ప్రదర్శనలు జరిగినప్పుడు ఆ బానిసల జాడ దాదాపు కనబడదు. ఆ వేషం కట్టమని ఎవరినీ అడగలేం. అడగకూడదు కూడా. నా అభిప్రాయం ఇది. మనిషిని నిలబెట్టడం కుదరనప్పుడు పెట్టెనైనా నిలబెట్టండి. గుడారం ముందు ఆ సామాను పెట్టి, దీన్ని మోసినవాడికి జీతం లేదు, ఇంటికి పోయే దారి లేదు అని పక్కనే నిలబడి చెప్పండి. తుపాకీ చప్పుళ్లకు చప్పట్లు కొట్టిన జనం అక్కడికీ వచ్చి వింటారు. ఎలా వింటారో నాకు తెలుసు. మా కెప్టెన్‌గారి గుడారం ముందు పెట్టె మూత తెరిచి ఒక్కో వస్తువూ తీసి చూపుతుంటే, ఫిరంగులను వదిలేసి పిల్లలు చుట్టూ మూగేవారు. ఫిరంగిని ముట్టుకోనివ్వరు. టీ డబ్బా మూత తీసి వాసన చూడనిస్తాం. ఇది ఎవరు మోసేవారు అన్న ప్రశ్న ఎప్పుడూ పిల్లల దగ్గర నుంచే ముందు వచ్చేది.

చివరగా అసాయీ సంగతి చెప్పి ముగిస్తాను. 1803 సెప్టెంబరు 23న, ఇప్పటి మహారాష్ట్రలోని అసాయీ దగ్గర, తర్వాత వాటర్లూ వీరుడైన ఆ వెల్లింగ్టనే మరాఠా సేనలను ఓడించాడు. అప్పుడాయన పేరు ఆర్థర్ వెల్లెస్లీ. తన జీవితంలో తాను బాగా చేసిన యుద్ధం అదేనని ముసలితనంలో కూడా అనేవాడంటారు. ఆ రోజు పోరుకు దిగేముందు సైన్యం సామానంతా నౌల్నియా అనే ఊళ్లో దించి, కాపలాకు మద్రాసు సైన్యపు సిపాయిలను పెట్టి వెళ్లాడు. ఆ సైన్యంలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. దూరంగా ఫిరంగుల మోత వినబడుతుంటే ఎవరు గెలుస్తున్నారో తెలియక, వేలాది ఎద్దులనూ, పెట్టెలనూ, కావడి కూలీలనూ, కుటుంబాలనూ కాచుకుని నిలబడ్డారు వాళ్లు. అసాయీ యుద్ధాన్ని మన దేశంలో ఎవరైనా పూనుకుని ఆడి చూపిస్తే, నాకు అసాయీ మైదానంలో చోటు అక్కర్లేదు. నౌల్నియాలో నిలబెట్టమని అడుగుతాను. నాతో నిలబడటానికి తెలుగునాట పాతికమంది దొరికితే, కావడి బద్దలు చేయించే పని నేను చూసుకుంటాను.